దీపము ఆరిపోవు తీరు

ఇంటి దీపము ఇతర వస్తువులను చూపుటకు పుట్టినది. రైలు సిగ్నలు దీపము తన్ను తాను చూపుకొనుటకే పుట్టినది. దాని వెలుగులో ఎవ్వరును పుస్తకము చదువరు, దారి వెదకరు. దూరమునుండి ఒక మనుష్యుడు దానివైపు చూచి, అది ఎఱుపో పసుపో ఆకుపచ్చయో నిశ్చయించుకొని, వేల టన్నుల బరువును ఆపుటయో సాగనిచ్చుటయో చేయవలెను. గంటకు 110 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 30 మీటర్లు దాటి ముందుకు పోవును. బ్రేకు వేసిన పిమ్మట అది నిలుచుటకు కావలసిన దూరమును గణించియే మన రైల్వేలలో స్టేషను ముందరి హోమ్ సిగ్నలునకు కనీసము ఒక కిలోమీటరు ముందుగా, దాని సంగతిని ముందే తెలుపు డిస్టెంట్ సిగ్నలును నిలిపినారు. కావున టంగ్‌స్టన్ తీగతో వెలుగు పాత ఫిలమెంటు దీపమును, అర్ధవాహక స్ఫటికముతో వెలుగు నేటి ఎల్‌ఇడి దీపమును సరితూచునపుడు కరెంటు ఖర్చును మాత్రము లెక్కించి ఊరకుండరాదు. వెలుగునపుడు ఎట్లు కనబడునన్నది మొదటి ప్రశ్న. ఆరిపోవునపుడు ఆ సంగతిని ఎట్లు తెలుపునన్నది రెండవ ప్రశ్న. మొదటిదానిలో కొత్త దీపము గెలిచినదని చెప్పుటకు అట్టే వాదము అక్కరలేదు. రెండవదానిలో పాత దీపమునకు పుట్టుకతో వచ్చిన సుగుణమొకటి కలదు. దానిని కొత్త దీపమునకు అలవరచుటకు ఇంజనీర్లు పడిన పాట్లే ఈ అధ్యాయమునకు ముఖ్యవిషయము.

విద్యుత్తు రాకముందు సిగ్నలు కంబమునకు పగలు ఒక చేయి, రాత్రి ఒక దీపము ఉండెడివి. ప్రొద్దుగుంకు వేళకు లాంప్‌మన్ కిరసనాయిలు దీపమును చేతబట్టుకొని నిచ్చెన యెక్కి, కంబము తలపై దానిని అమర్చి దిగి వచ్చెడివాడు. చేయి కదలినపుడెల్ల దానికి బిగించిన రంగుటద్దములు దీపము ముందునకు వచ్చి పోవుచుండెడివి. ఆ అద్దములను పగటివేళ దగ్గరగా చూచినవారికి ఒక వింత కనబడెడిది: ఆకుపచ్చ వెలుగు నిచ్చుటకై అమర్చిన అద్దము స్పష్టముగా నీలిఛాయ కలిగియుండెడిది. కిరసనాయిలు మంటలో పసుపు, ఎఱుపు కిరణములు మెండు, నీలికిరణములు బహుస్వల్పము. అట్టి పసుపుమంట నీలపుటద్దము గుండ వెలువడినపుడే దూరపు కంటికి ఆకుపచ్చయై తోచును. రంగు అద్దమునకును మంటకును ఉమ్మడి సొత్తు. ఈ సంగతిని మనసున నుంచుకొన్న పాఠకునికి తరువాతి కథలో సగము ముందే బోధపడినట్లు.

భారతదేశమున 1928లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేవారు బొంబాయి విక్టోరియా టెర్మినస్, బైకల్లా స్టేషన్ల నడుమ మొదటిసారిగా ఆటోమేటిక్ రంగుదీపపు సిగ్నళ్ళను నెలకొల్పిరి. అక్కడ చేయి లేదు. పట్టపగలు, మిట్టమధ్యాహ్నపు ఎండలో గూడ దీపమే మాటాడవలెను. ఎండతో పోటీపడి కనబడవలసిన ఈ బాధ్యత కిరసనాయిలునకు మోయరానిది, టంగ్‌స్టన్ తీగకు మోయదగినది.

చూచుటకు ఆ దీపము బహు చిన్నది. 12 వోల్టులు, 24 వాట్లు గల బల్బు. లోపల చిటికెనవ్రేలి గోరుకంటె చిన్నదైన తీగచుట్ట. టంగ్‌స్టన్ 3,422 సెంటీగ్రేడు డిగ్రీల వరకు కరగని లోహమగుటచే దీపమునకు మిక్కిలి తగినదేగాని, పెళుసుదనమువలన చిరకాలము తీగగా సాగక మొండికెత్తినది. 1910 ప్రాంతమున అమెరికాలో విలియం కూలిడ్జ్ దానిని సాగదీయు ఉపాయమును సాధించిన తరువాతనే ఈ దీపములు లోకమంతట వ్యాపించినవి. సిగ్నలు బల్బులో తీగచుట్టను అంత చిన్నదిగా చేయుట బుద్ధిపూర్వకము. కటకము యొక్క నాభియందు బిందుప్రాయమైన వెలుగున్నపుడే కిరణములు ఇంచుమించు సమాంతరములై బయలుదేరి దూరమునకు పోగలవు. తీగ నాభినుండి రవంత తొలగినను కిరణపుంజము పట్టాల పైనుండి తప్పి ప్రక్కనున్న పొలములపై పడును. ఒక్కొక్క దీపమునకు కటకములు రెండు: లోపలిది రంగుగలది, వెలుపలిది రంగులేనిది, రెండును మెట్లుమెట్లుగా తీర్చబడినవి. ఈ మెట్లకటకమును 1820 దశకమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ సముద్రతీరపు దీపస్తంభములకై కల్పించెను. ఓడలకై పుట్టిన గాజు రైళ్ళకు గూడ అక్కరకు వచ్చినది.

ఇంత నేర్పు ధారపోసినను ఫిలమెంటు దీపము దుబారామనిషి. తీగ 2,500 డిగ్రీల సమీపమున కాగుచున్నను దానికిచ్చిన శక్తిలో పదింట తొమ్మిదిపాళ్ళకు మించి కంటికి కానరాని పరారుణ కిరణములుగను వేడిగను వెళ్ళిపోవును. మిగిలిన కొలదిపాటి వెలుగులో ఎఱ్ఱకటకము ఎఱుపును మాత్రము విడిచి తక్కినదానిని మ్రింగును. ఆకుపచ్చ కటకము పని మఱియు కష్టము, ఏలయన తీగవెలుగులో ఆ భాగమునకు మొదటనే కొఱత. వ్యయమైన 24 వాట్లలో డ్రైవరు కంటిని చేరుటకు పనికివచ్చు రంగువెలుగు ఒక వాటులో కొంతభాగము మాత్రమే యనిన అతిశయోక్తి కాదు.

ఈ దుబారాను తెలిసియే సిగ్నలువారు మరికొంత పెంచిరి. 12 వోల్టుల బల్బునకు 12 వోల్టులు ఈయక, దానిలో 90 శాతమే యిచ్చుట మన రైల్వేలలో నియమము. వోల్టేజి పదింట ఒకవంతు తగ్గినచో వెలుగు ఇంచుమించు 30 శాతము తగ్గును. ఆయువు మాత్రము మూడింతలు దాటి పెరుగును. వెలుగు వోల్టేజియొక్క మూడున్నర ఘాతము చొప్పున మారుచుండగా, ఆయువు పండ్రెండవ ఘాతమునకో అంతకు పైబడిన ఘాతమునకో విలోమముగా మారుటయే దీనికి కారణము. వెలుగులో మూడవవంతు వదలుకొని మూడు జీవితములను కొనుక్కొనుట చౌకబేరమే. అయినను చావు తప్పదు. కాగుచున్న తీగనుండి లోహపు పరమాణువులు ఆవిరియగుచుండును. తీగ ఎక్కడ కొంచెము సన్నమై యున్నదో అక్కడ వేడి హెచ్చును, వేడి హెచ్చినచోట మఱింత ఆవిరియగును, అందువలన మఱింత సన్నమగును. వెలుగుచున్న తీగ నిరోధము 6 ఓములైన, చల్లారియున్నపుడు అది అందులో పదవవంతునకు మించదు. కావున దీపము వెలిగించిన తొలిక్షణమున మామూలుకు అనేక రెట్లు ప్రవాహము దానిలోనికి దూకును. సన్నబడిన తీగ తెగునది తఱచుగా ఆ క్షణముననే. బండి వచ్చువేళ సిగ్నలు ఎఱుపునుండి పసుపునకు మారబోయి ఆ పసుపు బల్బు కాస్తా మాడిపోవుట సిగ్నలు సిబ్బందికి చిరపరిచితమైన చిక్కు. దీనికి విరుగుడుగా ఒకే బల్బులో రెండు తీగలుంచి, మొదటిది తెగినపుడు రెండవది వెలుగునట్లును, ఆ సంగతి స్టేషనులో తెలియునట్లును ఏర్పాటు చేసిరి. రెండవ తీగ సరిగ్గా నాభియం దుండజాలదు గనుక దాని వెలుగు దూరమున కొంత మందము; ఆపద్ధర్మమునకు అదియే పదివేలు.

ఇక పాత దీపముయొక్క సుగుణము. స్టేషనునుండి వచ్చు 110 వోల్టుల కరెంటు సిగ్నలు దగ్గరనున్న ట్రాన్స్‌ఫార్మరులో 12 వోల్టులకు తగ్గి బల్బును చేరును; ఆ 110 వోల్టుల దారిలో, ప్రవాహము ఉన్నంతసేపే పైకెత్తబడి యుండు రిలే ఒకటి బల్బుతో వరుసగా కలుపబడి యుండును. దానిని సిగ్నలువారు ఇ.సి.ఆర్. అందురు, ఎఱ్ఱదీపమునకు ఆర్.ఇ.సి.ఆర్., పసుపునకు హెచ్.ఇ.సి.ఆర్., ఆకుపచ్చకు డి.ఇ.సి.ఆర్. అని పేర్లు. తీగ వెలుగుచున్నంతసేపు పావు ఆంపియరునకు కొంచెము తక్కువగా ప్రవాహము పోవుచుండును, రిలే నిలిచియుండును. తీగ తెగిన మరుక్షణము ప్రవాహము ఆగును, రిలే పడును. ఆ రిలే పడుటతో ఎన్ని కార్యములు జరుగునో చూడుడు: స్టేషన్ మాస్టరు పలకపై సూచన వచ్చును; ఆకుపచ్చ ఆరినచో దాని స్థానమున అంతకంటె జాగ్రత్తయైన రంగు వెలుగును; ఎఱ్ఱదీపమే ఆరినచో, చీకటిలో మునిగిన ఆ కంబమును డ్రైవరు గమనింపక దాటిపోవు ప్రమాదము గలదు గనుక, దానికి వెనుకనున్న సిగ్నలు తానే ఎఱుపై బండిని అక్కడనే నిలుపును. రెండు పసుపుదీపములు వెలుగవలసినచోట ఒకటి ఆరిన మిగిలినది ఒంటి పసుపు; అది మఱింత నిదానమును కోరునదే గనుక హాని లేదు. ఈ కట్టుబాట్లకెల్ల పునాదిరాయి ఒక్కటే: ఫిలమెంటు దీపములో ప్రవాహమును వెలుగును విడదీయరానివి. ప్రవాహమున్నచో తీగ కాగితీరును, కాగినచో వెలిగితీరును, తెగినచో రెండును ఒక్కమారే పోవును. రిలే చూచునది ప్రవాహమునే యైనను అది చెప్పు సాక్ష్యము వెలుగును గూర్చిన సాక్ష్యమగుచున్నది. ఆ చవుకబారు బల్బులో అబద్ధమాడుటకు చోటు లేదు.

ఎల్‌ఇడి పుట్టుక వేఱు. అక్కడ కాగునది లేదు. రెండు విధములైన అర్ధవాహక పొరలు కలియు సంధియందు ఎలక్ట్రాన్ ఒక శక్తిస్థాయినుండి తక్కువ స్థాయికి దిగునపుడు ఆ భేదము ఒక ఫోటాన్‌గా వెలువడును. భేదమెంతయో రంగు అంత. రెండు ఎలక్ట్రాన్‌వోల్టుల భేదమునకు 620 నానోమీటర్ల ఎఱుపు, రెండున్నరకు కొంచెము తక్కువైన భేదమునకు 505 నానోమీటర్ల చుట్టుపట్ల నుండు సిగ్నలు ఆకుపచ్చ. కంటికి కనబడు ఎఱ్ఱ ఎల్‌ఇడిని 1962లో నిక్ హోలోన్యాక్ వెలిగించెను. 1972లో జార్జ్ క్రాఫర్డ్ పసుపును సాధించెను. అయినను సిగ్నలువారు చాలకాలము ఈ స్ఫటికములవైపు చూడలేదు. ఎఱుపు, పసుపు మాత్రము గల సిగ్నలుతో బండ్లను ఆపవచ్చునుగాని నడుపలేరు గదా! నీలి ఆకుపచ్చకు కావలసినంత శక్తిభేదము గల గాలియం నైట్రైడు స్ఫటికమును దోషములు లేకుండ పెంచుట అనేకులకు అసాధ్యమని తోచినది. జపానులో అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు దీర్ఘకాలము పట్టువిడువక కృషిచేయగా, 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఇడి వెలువడెను. దానివెంటనే ఆకుపచ్చయు వచ్చెను. ఆ ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెలు బహుమతి లభించినది. ఇండ్లలోని తెల్లని ఎల్‌ఇడి బల్బులకే కాక, స్టేషను చివర ఆకుపచ్చగా వెలిగి బండిని సాగనంపు దీపమునకును మూలము ఆ పరిశోధనయే.

రంగు పుట్టుకలోనే యున్నందున కొత్త దీపమునకు రంగుకటకముతో పనిలేదు. దీనివలన వెలుగు ఆదాయగుట యటుంచి, మఱియొక పాత బెడద తొలగినది. ఉదయ సాయంకాలములందు సూర్యుడు దిగువనుండి నేరుగా సిగ్నలుపై పడినపుడు, ఆ కిరణములు రంగుకటకము గుండ లోనికి పోయి, లోపల తగిలి, తిరిగి అదే రంగుతో వెలుపలికి వచ్చి, ఆరియున్న దీపమును వెలుగుచున్నట్లు భ్రమింపజేయును. సిగ్నలు దీపముపై నల్లని పొడవాటి గొడుగును అమర్చుట ముఖ్యముగా ఈ మాయవెలుగును అడ్డుటకే. ఎల్‌ఇడి ముందున్న కప్పు రంగులేనిది. లోనికి పోయిన ఎండ ఎండగానే వెనుకకు వచ్చును, ఆకుపచ్చ వేషము వేయజాలదు. బండ్ల అదురునకు తెగు తీగ లేదు. వందలకొలది కణములు పంక్తులుగా కూర్చబడుటచే ఒక పంక్తి పోయినను తక్కినవి వెలుగుచునే యుండును. తయారుచేయువారు చెప్పు లక్ష గంటల ఆయువు పదునొకండేండ్లకు పైమాట; నడుమనున్న విద్యుత్పరికరములు, ముఖ్యముగా కెపాసిటర్లు, పిడుగుల దెబ్బకో వేడికో అంతకు ముందే పోవుచుండుటయు కద్దు. వర్షరాత్రి బల్బు మార్చుటకై కంబమెక్కు బాధ మెయింటెయినరుకు చాలవఱకు తప్పినది. ఈ లాభములను గూర్చి పత్రికలు విరివిగా వ్రాసినవి గనుక ఇక్కడ విస్తరింపను.

వేడిమిని గూర్చి మాత్రము ఒక మాట చెప్పవలెను, ఏలయన అది మన దేశపు సమస్య. ఫిలమెంటు దీపమునకు బయటి ఎండతో నిమిత్తము లేదు. 2,500 డిగ్రీలలో కాగు తీగకు 45 డిగ్రీల గాలి ఒక లెక్కా? ఎల్‌ఇడికి అట్లు గాదు. అందును పసుపు స్ఫటికము మిక్కిలి సుకుమారము. వేసవిలో 45 డిగ్రీలు దాటు రామగుండము వంటిచోట, నల్లని పెట్టెలో బిగించిన పసుపు ఎల్‌ఇడి సంధి 80 డిగ్రీలకు పైగా వేడెక్కినచో, చల్లని గదిలో అది యిచ్చు వెలుగులో సగము దగ్గఱకు తగ్గిపోవచ్చును. ఎఱుపు అంతగా తగ్గదు, ఆకుపచ్చ ఇంకను తక్కువ. ఎండ ప్రచండముగా నున్నపుడే, అనగా దీపము ఎక్కువ వెలుగవలసిన వేళనే, అది తక్కువ వెలుగుట ఇందలి విపరీతము. వెలుగుతోబాటు రంగును నాలుగైదు నానోమీటర్లు ఎఱుపువైపు జరుగును. ఇది యొకవిధముగ అదృష్టమే: పసుపు తప్పి ఎఱుపువైపు మొగ్గినచో డ్రైవరు అవసరమునకు మించి జాగ్రత్తపడునేగాని, ఆకుపచ్చవైపు మొగ్గి ప్రమాదము తెచ్చుట లేదు. ప్రకృతి ఈ యొక్కచోట రైల్వే నియమావళిని చదివినట్లున్నది.

ఇప్పుడు సాక్ష్యపు సంగతికి వత్తము. ఎల్‌ఇడిని నేరుగా 110 వోల్టులకు కలుపరాదు; నడుమ ప్రవాహమును అదుపుచేయు పరికరమొకటి తప్పదు. ఆ పరికరమే ప్రవాహమునకును వెలుగునకును గల పూర్వపు కట్టును తెంచినది. అందలి భాగమేదైన చెడి, స్ఫటికములు ఆరిపోయినను, పరికరము మాత్రము కరెంటును త్రాగుచు వెచ్చగా కూర్చుండవచ్చును. అపుడు రిలే నిలిచియే యుండును, స్టేషన్ మాస్టరు పలకపై ఎఱ్ఱదీపము వెలుగుచున్నట్లే కనబడును, వెనుకటి సిగ్నలు బండిని సాగనిచ్చును. కంబము మాత్రము చీకటి. దీనికి తలక్రిందులైన ఆపదయు కలదు. 25,000 వోల్టుల విద్యుత్ రైలుమార్గమున పైతీగలో పోవు ప్రవాహము పట్టాల ప్రక్కన పాతిన పొడవాటి కేబుళ్ళలో కొంత వోల్టేజిని ప్రేరేపించును. తడిసి పాతబడిన కేబుళ్ళలో ఒక తీగనుండి ఇంకొకదానిలోనికి కొంత కారుచుండును. ఫిలమెంటు దీపము ఇట్టి చిల్లరకు లోబడదు. తీగను ఎఱ్ఱగా కాల్చుటకైనను గట్టి ప్రవాహము కావలెను. ఎల్‌ఇడికో, కొన్ని మిల్లీఆంపియర్లు చాలును, చీకటిరాత్రి కంటికానునంత మిణుకుమనును. ఎవరును వెలిగింపని ఆకుపచ్చ తనంతట మిణుకుమనుట కంటె సిగ్నలు ఇంజనీరునకు నిద్రపట్టనీయని ఊహ మఱియొకటి లేదు. తక్కువ శక్తితో వెలుగుట ఇంటిదీపములో ఎంత గొప్పయో సిగ్నలులో అంత గండము.

అందువలన కొత్త దీపమునకు రెండు నడవడులు నేర్పవలసివచ్చినది. మొదటిది, నియమించిన వోల్టేజికి దిగువన అది మినుకుమినుకుమనక పూర్తిగా చీకటిగా నుండవలెను. స్ఫటికములకు వెలుగు శక్తియున్నను పరికరము వెలుగనీయదు. రెండవది, పంక్తులలో కొన్నింటికి మించి ఆరిపోయినపుడు, మిగిలినవి బాగుగనే యున్నను, అది తన ఫ్యూజును తానే కాల్చుకొని ప్రవాహమును సంపూర్ణముగా త్రెంచుకొనవలెను. సగము చచ్చిన దీపము తాను చచ్చితినని చాటుకొనుటకై మిగిలిన ప్రాణమును గూడ విడుచుట యన్నమాట! తీగకు స్వభావసిద్ధముగా వచ్చిన నిజాయితీని ఎలక్ట్రానిక్ పరికరమునకు ఇట్లు వ్రతముగా పట్టింపవలసివచ్చినది. ప్రవాహపు పరిమాణము విషయముననే ఇంకొక ముడి పడినది. పావు ఆంపియరునకు అలవాటుపడిన పాత రిలే, అందులో సగమో అంతకు తక్కువయో పుచ్చుకొను ఎల్‌ఇడిని గుర్తింపదు. కొన్ని దేశములలో దీపమునకు ప్రక్కన ఊరక వేడెక్కు నిరోధమొకటి తగిలించి ప్రవాహమును పెంచి రిలేను తృప్తిపఱచిరి. ఆదా చేసిన కరెంటును ఆదా చేయనట్లు నటించుటకై మరల తగులబెట్టుట ఇది. మన రైల్వేలలో తక్కువ ప్రవాహమునకు స్పందించు రిలేలను ఎల్‌ఇడి దీపములకై ప్రత్యేకముగా వాడుదురు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థయగు ఆర్.డి.ఎస్.ఓ. ఈ దీపముల ప్రమాణములను నిర్ణయించును. సికిందరాబాదు తార్నాకలో 1957లో వెలసిన ఇరిసెట్ సంస్థకు దేశపు నలుమూలలనుండి వచ్చు సిగ్నలు ఉద్యోగులు ఇట్టి సర్క్యూట్లను అభ్యసింతురు.

ఇన్ని చేసినను ఒక లోపము పూడలేదు. ఫిలమెంటు బల్బు చచ్చును, ఎల్‌ఇడి ముసలిదగును. లక్ష గంటల పొడవునను వెలుగు కొంచెము కొంచెముగా క్షీణించుచు పోవును, ప్రవాహము మాత్రము ఎప్పటివలెనే యుండును. ఏనాడు అది చాలని వెలుగైనదో రిలే ఎఱుగదు; ఫోటోమీటరు చేతబట్టి కొలిచినగాని మనిషియు ఎఱుగడు, ఏలయన దినదినము చూచు కంటికి దినదినము తగ్గునది కనబడదు. మంచు కురియు దేశములలో దీనికి తోడు మఱియొకటి: పాత బల్బు వృథాచేసిన వేడియే కటకముపై పడిన మంచును కరిగించుచుండెడిది. చల్లని ఎల్‌ఇడి ముందు మంచు గట్టిపడి కూర్చుండగా, లోపల దీపము దివ్యముగా వెలుగుచునే యుండును, రిలే సత్యమే పలుకుచుండును, డ్రైవరునకు మాత్రము తెల్లని దిమ్మ యొకటి కనబడును. దుబారాయని పరిహసించిన వేడిని ఇప్పుడు వేఱుగా తాపకములు తగిలించి కొనుక్కొనవలసివచ్చినది.

ప్రవాహమును నమ్మక వెలుగునే చూచు సాక్షిని దీపములో కూర్చుండబెట్టరాదా యన్న ఆలోచన సహజముగా వచ్చును. స్ఫటికముల ప్రక్కన ఒక చిన్న కాంతిగ్రాహకము నుంచినచో అది వెలుగును నేరుగా కొలువగలదు. అది చెడి సంకేతము నిలిచిపోయినచో చీకటి యనియే తెలుపును, ఆ తప్పు క్షేమమువైపే యుండును. కాని పగటివేళ ఎండ దానిపై పడును. ఆరిపోయిన దీపములో ఎండను చూచి వెలుగున్నదని అది పలికినచో మొదటి చిక్కే మరల దాపురించును. కావున ఈ వెలుగు దీపముదా సూర్యునిదా యని పోల్చుకొనుటకై ఎల్‌ఇడి వెలుగును కంటికి తెలియనంత వేగముగా ఒక నియతలయలో హెచ్చుతగ్గులు చేసి, ఆ లయగల వెలుగును మాత్రమే గ్రాహకము అంగీకరించునట్లు చేయవలెను. ఆ లయను పుట్టించు పరికరమును, దానిని పోల్చు పరికరమును ఏకకాలమున ఎట్లెట్లు చెడగలవో ముందుగా ఎంచి, ప్రతి చెడుటకును ఫలితము చీకటియే యగునట్లు కూర్చిన తరువాతగాని సిగ్నలువారు ఆ సాక్షిని కంబమెక్కనీయరు.